ఉంగుటూరు మిల్లు జోడీ

గోడకు అంటించిన కాగితం మీద ఉషశ్రీ పేరు ఉంది. పక్కన శ్రావ్య పేరు లేదు.

పద్నాలుగేళ్ళలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. భీమవరంలో ఆడిన జిల్లా పోటీల దగ్గర్నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్‌లలో ఆడిన అంతర్జాతీయ టోర్నీల దాకా, ఏ డ్రా కాగితం తీసినా ఆ రెండు పేర్లూ ఒకే గడిలో ఒకదాని కింద ఒకటి ఉండేవి. పరాయి దేశాల అనౌన్సర్లు ఆ పేర్లు నోరు తిరగక నానా తిప్పలూ పడేవారు. తప్పుగా పలికినా కలిపే పలికేవారు.

ఇవాళ కాగితం విడదీసింది.

‘ఆఖరి ట్రయల్, ఉదయం పదిన్నర. ఉషశ్రీ – దుర్గాసాయి. ఎదుటి జోడీ: శ్రావ్య – అఖిల. గెలిచిన జోడీ జట్టులో ఉంటుంది.’

ఓడిన జోడీ సంగతి రాయలేదు. రాయక్కర్లేదు.

ఏలూరు ఇండోర్ స్టేడియంలో డబుల్స్ క్యాంపు మొదలై మూడు వారాలైంది. ఆసియా జట్ల పోటీలకు రెండే రెండు మహిళల జోడీలు వెళ్ళాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన జోడీ మొదటి వారంలోనే ఒక చోటు ఖాయం చేసేసుకుంది. మిగిలింది ఒక్కటి. దాని కోసం ఇరవై ఎనిమిదేళ్ళ ఉషశ్రీ, శ్రావ్య ఒక పక్క. పంతొమ్మిదేళ్ళ దుర్గాసాయి, అఖిల ఒక పక్క. మూడు వారాల్లో ఈ రెండు జోడీలూ మూడుసార్లు ఆడితే మూడుసార్లూ చిన్నవాళ్ళే గెలిచారు.

కోచ్ హేమంత్‌కుమార్ కోర్టు పక్కన షటిల్ డబ్బాలు విప్పుతున్నాడు. ఉషశ్రీ నేరుగా ఆయన ముందుకెళ్ళి నిలబడింది.

“ఇది ఎవరి ఆలోచన సార్?”

“ఎంపిక నాది. ఆలోచన ఎవరిదైతే నీకెందుకమ్మా?”

“పద్నాలుగేళ్ళుగా నా పేరు కింద ఉన్న పేరు ఇవాళ నా ఎదురుగా ఉంది సార్. అందుకు.”

హేమంత్‌కుమార్‌కు అబద్ధం చేతకాదు. డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

“మీ ఇద్దరిలో ఒకరొచ్చి అడిగారు. అది నువ్వు కాదని నీకు తెలుసు.”

అవతలి గోడ దగ్గర శ్రావ్య నేల మీద కూర్చుని వేళ్ళకు టేపు చుట్టుకుంటోంది. ఉషశ్రీ అటు నడిచింది.

“ఏమే, తలెత్తి చెప్పు. నువ్వేనా అడిగింది?”

శ్రావ్య తలెత్తలేదు. టేపు పళ్ళతో తెంపింది. “పదిన్నరకి మ్యాచ్. ముందు ఒళ్ళు వేడెక్కించుకో. ఏసీ హాల్లో నీకు మెడ పట్టేస్తుంది.”

“నేనడిగినదానికి చెప్పవే!”

“మ్యాచ్ అయ్యాక చెప్తాను,” అని శ్రావ్య లేచి వెళ్ళిపోయింది.

కత్తితో పొడిచినవాళ్ళు కూడా ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తారు. శ్రావ్య చూడలేదు.

* * *

వాళ్ళిద్దరినీ కలిపింది ఒక బియ్యం మిల్లు.

ఉంగుటూరులో నాగభూషణరావు గారి మిల్లుకు వెనక ఒక గోడౌన్ ఉండేది. కొత్త గోడౌన్ కట్టాక పాతది ఖాళీ అయింది. కుర్రాడిగా ఉన్నప్పుడు యూనివర్సిటీకి ఆడిన మనిషి కాబట్టి ఆయన ఆ నేల చదును చేయించి, గీతలు గీయించి, నెట్ కట్టించాడు. అంతా బాగానే ఉంది గాని కప్పు కింద ఇనుప దూలాలు పద్నాలుగు అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. షటిల్ కాస్త ఎత్తితే చాలు, టంగుమని దూలానికి తగిలేది.

“దూలానికి తగిలితే పాయింటు పోయినట్టే,” అన్నాడాయన. “దూలం జరగదు. మీరే జరగాలి.”

అలా ఆ మిల్లులో నేర్చుకున్న పిల్లలెవరికీ షటిల్ పైకెత్తడం అలవాటు కాలేదు. బల్లపరుపుగా, నెట్ మీద జానెడు ఎత్తులో, తూనీగలా దూసుకుపోయే ఆట ఒక్కటే వాళ్ళది. ఉంగుటూరు రైతు కూతురు ఉషశ్రీ, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి కూతురు శ్రావ్య, పద్నాలుగో ఏట ఆ దూలాల కింద జోడీ కట్టారు. రాష్ట్ర పోటీలకు వెళ్తే ఎదుటి కోచ్‌లు నవ్వారు. “ఇది షటిలా, ఊక విసరడమా?” అన్నారు. మూడేళ్ళు తిరక్కుండా ఆ నవ్విన వాళ్ళ శిష్యులందరినీ ఓడించి ఇంటికి పంపారు. డబుల్స్‌లో షటిల్ ఎత్తినవాడు చస్తాడు. వీళ్ళు ఎత్తరు కదా!

ఉషశ్రీ ముందు, నెట్ దగ్గర. శ్రావ్య వెనక. ఈ అమరిక ఎన్నడూ మారలేదు.

అయితే శ్రావ్యకు ఒక లోపం ఉంది. లోకంలో ముగ్గురికే తెలుసు, వాళ్ళిద్దరికీ నాగభూషణరావు గారికీ. దూలాల కింద పెరిగిన కళ్ళు కాబట్టి, షటిల్ బాగా ఎత్తుగా లేచి ఆమె ఎడమ భుజం మీదుగా వెనక మూలకు పడుతుంటే, స్టేడియం దీపాల్లో అరక్షణం అది ఆమెకు కనబడదు. ఆ అరక్షణం చాలు పాయింటు పోవడానికి. అందుకే పద్నాలుగేళ్ళుగా ఉషశ్రీ నెట్ దగ్గర చేసిన పనిలో సగం, ఆ మూలకు ఎవరూ ఎత్తలేకుండా దారి మూసెయ్యడమే. అది కాపలా అని ఏ పత్రికవాడికీ తెలియదు. ఈ మధ్య కాళ్ళు ఒక్క అడుగు నెమ్మదించాయి. చిన్నవాళ్ళతో మూడు ఓటములూ ఆ మూల నుంచే వచ్చాయి. చిన్నవాళ్ళు అదృష్టం అనుకున్నారు.

* * *

“అక్కా, నేనేం చెయ్యాలండీ?” అంది దుర్గాసాయి.

ఆకివీడు పిల్ల. వాళ్ళ నాన్నకు కొల్లేటి గట్టున చేపల చెరువులు. కొడితే షటిల్ ఈకలు రాలతాయి గాని, మాట్లాడితే గొంతు వణుకుతుంది.

“నువ్వు వెనక. కనబడిందల్లా కొట్టు. మిగతాది నేను చూసుకుంటాను. అఖిల గురించి చెప్పు, మీరిద్దరూ జోడీ కదా. ఎక్కడ ఆడితే ఓడుతుంది?”

“నాకేం తెలుసండీ? నేనెప్పుడూ తనతో కలిసే ఆడాను. ఎదురు ఆడితే కదండీ తెలిసేది!”

ఆ మాట ఉషశ్రీకి ఎక్కడో గుచ్చుకుంది.

గ్యాలరీలో నాగభూషణరావు గారు పంచె సర్దుకుని, సరిగ్గా నెట్‌కు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. డెబ్భై నాలుగేళ్ళు. స్టేడియం మేనేజర్ శ్రీహరి పలకరించాడు.

“ఏవండీ, ఇవాళ మీరు ఎవరి పక్షమండీ?”

“కనబడటం లేదటయ్యా? నెట్టు పక్షం. అటూ నాదే, ఇటూ నాదే. ఏదో ఒకటి ఇవాళ నా చేతిలోంచి పోతుంది. కాసేపు మాట్లాడకు నాతో.”

ఆట మొదలైంది.

రెండో ర్యాలీ. ఎదుటి కోర్టు వెనక భాగంలో శ్రావ్య షటిల్ కిందికి వచ్చి మోచెయ్యి లేపింది. ఆమె మొహం! కనుబొమలు ముడిపడి, కింది పెదవి పళ్ళ మధ్య ఇరుక్కుని, దెబ్బ తగిలే క్షణంలో కళ్ళు పెద్దవై... ఉషశ్రీ ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు. నెట్ దగ్గర నిలబడేవాళ్ళు వెనక్కి తిరగకూడదు. తిరిగితే షటిల్ కంట్లో పడుతుంది. పద్నాలుగేళ్ళు ఆమె శ్రావ్య ఆటను చెవులతోనే తెలుసుకుంది. బూటు కిర్రుమంటే ఎడమకు, ఊపిరి బుస్సుమంటే స్మాష్. ఎదురుగా చూడటం ఇదే తొలిసారి.

చూస్తూ నిలబడిపోయింది. షటిల్ వచ్చి పొట్టకు తగిలింది.

“అక్కా!” అంది దుర్గాసాయి వెనకనుంచి.

“సారీ,” అంది ఉషశ్రీ.

మొదటి గేమ్ 21–14తో పోయింది. ఆ ఎడమ మూలకు షటిల్ ఎత్తే అవకాశం ఏడుసార్లు వచ్చింది. ఉషశ్రీ ఏడుసార్లూ ఎత్తలేదు. చేతులు రాలేదు. అక్కడ ఎత్తితే పాయింటు ఖాయం. దాంతో పాటు హేమంత్‌కుమార్ పుస్తకంలో ఆ మూల చేరుతుంది. హాలు నిండా ఫోన్లు వీడియో తీస్తున్నాయి. రేపట్నుంచి దేశంలో ప్రతి జోడీ అక్కడే కొడుతుంది. శ్రావ్య ఆట అక్కడితో సరి. ఎత్తకపోతే, ఉషశ్రీ ఆట ఇక్కడితో సరి.

కోర్టులు మారుతుంటే నెట్ స్తంభం దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. శ్రావ్య దారికి అడ్డంగా ఆగింది.

“ఏడుసార్లు,” అంది పళ్ళు బిగించి. “లెక్కపెట్టానే. ఎత్తవేం? దయ తలుస్తున్నావా నా మీద?”

“నోరు ముయ్యి.”

“గూడెంలో ముష్టివాళ్ళకి మా నాన్న ఉల్లిపాయలు పడేస్తాడు. వాళ్ళు కూడా నీలా జాలి మొహం పెట్టుకు ఇస్తే తీసుకోరు. చేతనైతే ఆడు. లేకపోతే సంచి సర్దుకుని ఉంగుటూరు బస్సెక్కు.”

అంపైర్ కేకేశాడు. ఉషశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. ‘సరే. నువ్వే అడిగావు. జోడీ మార్చమన్నదీ నువ్వే, మూల చూపించమన్నదీ నువ్వే.’

రెండో గేమ్‌లో మొదటి అవకాశానికే ఎత్తింది. షటిల్ దీపాల మధ్యకు లేచి శ్రావ్య ఎడమ భుజం వెనక దిగింది. శ్రావ్య మొహం పైకెత్తి, గాలిలో వెతికి, ఆలస్యంగా బ్యాట్ విసిరింది. నెట్‌లో పడింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ నెట్. మూడోసారి బ్యాట్ ఈకలకు తగిలి షటిల్ బయటికి పోయింది. బెంచీ మీద హేమంత్‌కుమార్ ముందుకు వంగి పుస్తకంలో ఏదో రాశాడు. గ్యాలరీలో నాగభూషణరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

21–16. గేమ్ ఉషశ్రీది. చప్పట్లు మోగాయి. ఆమెకు ఒక్కటీ వినపడలేదు.

* * *

మూడో గేమ్. అయిదు అయిదు. ఉషశ్రీ మళ్ళీ ఎత్తింది, అదే మూలకు.

ఈసారి శ్రావ్య పైకి చూడలేదు.

చూడటమే మానేసింది. రెండడుగులు వెనక్కి వేసి, తల దించి, షటిల్ దీపాలనూ దాటి, భుజాన్నీ దాటి, నడుము దాకా దిగేవరకూ ఆగింది. అంత కిందికి దిగనిచ్చి కొట్టేవాళ్ళు లోకంలో ఉండరు. ఏ కోచ్ చూసినా నెత్తి కొట్టుకుంటాడు. అక్కడ్నుంచి, నడుము ఎత్తునుంచి, బల్లపరుపుగా, ఒక్క దెబ్బ. దూలాల కింద ఆడిన దెబ్బ. షటిల్ నెట్‌ను రాసుకుంటూ వచ్చి ఉషశ్రీ గొంతు దగ్గర పేలింది. ఆమె బ్యాట్ అడ్డం పెట్టేలోపు అయిపోయింది.

హాలు ఒక్కసారిగా హోరెత్తింది. ఉషశ్రీ గొంతు తడుముకుంటూ నిలబడింది. ఒక సంగతి ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ తను దారి మూసెయ్యలేకపోయినప్పుడు కూడా కొన్ని పాయింట్లు ఎలాగో తమకే వచ్చేవి. ఎదుటివాళ్ళు తడబడి నెట్ మీదికి తేల్చేవారు, తను ముందుకు దూకి చంపేది. పత్రికల్లో ‘ఉషశ్రీ మెరుపు వేగం’ అని రాసేవారు. ఎదుటివాళ్ళు ఎందుకు తడబడేవారో ఆమె వెనక్కి తిరిగి చూడలేదు కదా! ఇదీ సంగతి. ఇదొచ్చి మొహం మీద పడితే ఎవడైనా తేలుస్తాడు.

కోపం ఉన్న చోట మరేదో పొంగింది. ‘నా జోడీ అది,’ అనుకుంది. ఆ మరుక్షణమే, ‘దాన్ని ఓడించాలి,’ అనుకుంది. ఆ రెంటికీ తగువు లేదనిపించింది.

పదకొండు దగ్గర విరామం. శ్రావ్య వాళ్ళది పదకొండు, వీళ్ళది ఎనిమిది. దుర్గాసాయి నీళ్ళ సీసా మూత తియ్యలేకపోతోంది. ఉషశ్రీ తీసి ఇచ్చింది.

“ఇదిగో, విను. ఆ దెబ్బ నాకు అందదు. నేను కూర్చుంటాను. నా తల మీదుగా నీ దగ్గరికొస్తుంది. నువ్వు కొట్టు.”

“అంత వేగంగా వస్తే మీరు కూర్చోగలరా అక్కా? నాకు అందకపోతే?”

“అందుతుంది. నేను వెనక్కి చూడను. నువ్వు ఉన్నావనుకునే కూర్చుంటాను.”

దుర్గాసాయి కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఆ గొంతులో వణుకు పోయింది. “ఉంటానండీ,” అంది.

మొదటిసారి కూర్చుంటే దుర్గాసాయి తడబడి బయటికి కొట్టింది. రెండోసారి నెట్‌లో కొట్టింది. ఉషశ్రీ వెనక్కి తిరగలేదు, మాట అనలేదు. మూడోసారి తల మీదుగా షటిల్ తిరిగి వెళ్ళిన గాలి జుట్టుకు తగిలింది. అఖిల బ్యాట్ ఎత్తేలోపు పాయింటు. ఎనిమిది పదమూడయింది, పదమూడు పదిహేడయింది. శ్రావ్య చెమటతో తడిసి ముద్దయింది. అయినా ఆ మూల నుంచి దెబ్బ మీద దెబ్బ వస్తూనే ఉంది. 18–18. 19–19. దుర్గాసాయి స్మాష్ గీత మీద పడి 20–19.

సర్వీస్ ఉషశ్రీది.

చిన్నగా వేసింది. అఖిల తోసింది. దుర్గాసాయి బలంగా కొట్టింది, శ్రావ్య తీసింది. ముప్ఫై దెబ్బలు పడ్డాయో, నలభయ్యో. ఉషశ్రీకి సందు దొరికింది. ఎత్తింది. శ్రావ్య ఆగింది. ఆగింది. దిగనిచ్చింది. కొట్టింది.

ఉషశ్రీ కూర్చుంది.

తల మీదుగా షటిల్ ఒకసారి ఇటు, ఒకసారి అటు. దుర్గాసాయి దెబ్బ సరిగ్గా కోర్టు మధ్యలోకి దూసుకెళ్ళింది, శ్రావ్యకు రెండడుగుల ముందు. శ్రావ్యకు అందే షటిలే. చెయ్యి చాపితే చాలు.

శ్రావ్య చెయ్యి చాపలేదు.

అక్కడ పడే షటిల్ ఆమెది కాదు. పద్నాలుగేళ్ళుగా కాదు. అక్కడ ఒక బ్యాట్ ఉంటుంది. ఎప్పుడూ ఉంది. ఆ బ్యాట్ పట్టుకున్న మనిషి ఇప్పుడు నెట్‌కు అవతల మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అఖిల పక్కకు జరిగిపోయి ఉంది. షటిల్ ఖాళీ నేల మీద మెత్తగా పడి ఒక్కసారి దొర్లింది.

శ్రావ్య ఆ షటిల్ వైపు చూసి, నెట్ వైపు చూసి, నవ్వడం మొదలెట్టింది.

“నీదనుకున్నానే!” అంది.

ఉషశ్రీ నెట్ కిందనుంచి దూరి వెళ్ళి ఆమెను పట్టుకుంది. ఇద్దరి చెమటా ఒకటైంది.

“ఇప్పుడు చెప్పు,” అంది ఉషశ్రీ. “నువ్వే కదా అడిగింది?”

“నేనే.”

“నన్నడగాలిగా ముందు!”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“చచ్చినా ఒప్పుకోను.”

“మరి? మూడుసార్లు ఓడాం. కలిసే ఉంటే ఇద్దరం మూట కట్టుకుని ఇంటికే. విడిపోయి తలో కొత్త పిల్లనీ పట్టుకుంటే, ఎవరు గెలిచినా మిల్లు నుంచి ఒకత్తి ఖాయం. సార్ ఒప్పుకోడానికి నాలుగు రోజులు పట్టింది.”

“నువ్వు గెలిచుంటే?”

“ఏం చేస్తాను, వెళ్ళేదాన్ని! నిన్ను చూసి జాలిపడి ఆగుతాననుకున్నావా? నీ సూట్‌కేస్ అడిగి మరీ పట్టుకెళ్ళేదాన్ని.”

ఉషశ్రీ ఏడుస్తూనే ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది.

నాగభూషణరావు గారు మెట్లు పట్టుకుని మెల్లగా దిగి వచ్చాడు. పిల్లలిద్దరినీ పలకరించలేదు. ముందు హేమంత్‌కుమార్ దగ్గరికి వెళ్ళాడు.

“ఏవండీ కోచ్ గారూ, గోడౌన్ కప్పు లేపించమని ఊరూవాడా ఇరవై ఏళ్ళ నుంచి నా ప్రాణం తోడేస్తున్నారండీ. మీరు పెద్దలు, చెప్పండి. లేపించమంటారా?”

హేమంత్‌కుమార్ శ్రావ్య వైపు చూశాడు. “నడుము దాకా దిగనిచ్చి కొట్టే దెబ్బ నా సర్వీసులో చూడలేదండీ. ఇందాక ఆ మూల లోపమని రాసుకున్నాను. కొట్టేశాను.” పుస్తకం తిప్పి చూపించాడు. గీత అడ్డంగా ఉంది. “కప్పు జోలికి వెళ్ళకండి. అఖిలను మాత్రం ఒక నెల మీ మిల్లుకి పంపిస్తాను, శ్రావ్యతో పాటు. వచ్చే సీజన్‌లో ఈ జోడీ ఉషశ్రీ వాళ్ళ చోటు లాక్కుంటుంది, చూడండి.”

“లాక్కోనివ్వండి చూద్దాం,” అంది ఉషశ్రీ ముక్కు తుడుచుకుంటూ.

“భోజనాలు నా ఇంట్లోనండీ,” అన్నాడు పెద్దాయన. అప్పుడు గాని ఆయన ఆ ఇద్దరి తలల మీదా చెయ్యి వెయ్యలేదు. వేసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

హేమంత్‌కుమార్ బల్ల మీద ఎంట్రీ ఫారం పెట్టాడు. “మధ్యాహ్నం లోపు పంపాలి. నింపమ్మా.”

ఉషశ్రీ పెన్ను తీసుకుంది. మొదటి గడిలో తన పేరు రాసింది. రెండో గడి దగ్గర చెయ్యి అలవాటుగా కదిలి, ఒక అక్షరం పడబోయి ఆగింది. తల తిప్పి చూసింది. దుర్గాసాయి బ్యాట్ సంచి గుండెకు హత్తుకుని, ఎవరైనా పొమ్మంటారేమోనన్నట్టు దూరంగా నిలబడి ఉంది.

“ఇలా రావే. మీ ఇంటిపేరేంటి?”

“మోరు అండీ. మోరు దుర్గాసాయి.”

ఉషశ్రీ గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత లేకుండా రాసింది.